స్ప్రింగ్‌స్టీన్ తొలి పాటలు: హిట్స్ సంకలనం వింటే సరిపోతుందా?

సందేహజీవి:
అమెరికన్ రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్‌ని కొత్తగా వింటామనే వాళ్లకి అందరూ 1995 నాటి ‘గ్రేటెస్ట్ హిట్స్’ చేతిలో పెడతారు. అందులో 18 పాటలు. మొదలయ్యేదే 1975 నాటి ‘బార్న్ టు రన్’తో. 1973లో వచ్చిన మొదటి రెండు ఆల్బమ్‌ల నుంచి ఒక్కటంటే ఒక్క పాట లేదు. నా దృష్టిలో ఇది పరిచయం కాదు, కోత. ఏమంటారు?

నిక్కచ్చి:
పేరే హిట్స్ కదండీ. ఆ రెండు ఆల్బమ్‌లూ వచ్చిన కొత్తలో పెద్దగా అమ్ముడుపోలేదు. మొదటి ఆల్బమ్‌లోని ‘బ్లైండెడ్ బై ద లైట్’ని సింగిల్‌గా, అంటే విడి పాటగా, వేస్తే పట్టించుకున్న నాథుడు లేడు. అదే పాట మాన్‌ఫ్రెడ్ మాన్స్ ఎర్త్ బ్యాండ్ చేస్తే 1977లో అమెరికాలో నంబర్ వన్ అయి కూర్చుంది. హిట్టయింది ఆయన రాసిన పాటే కానీ ఆయన పాడిన రికార్డు కాదు. లేని హిట్‌ని ఎక్కడి నుంచి తెచ్చి పెడతారు?

సందేహజీవి:
అలాగైతే ఆ డిస్క్ చివరి నాలుగు పాటల మాటేమిటి? ‘సీక్రెట్ గార్డెన్’, ‘మర్డర్ ఇన్‌కార్పొరేటెడ్’, ‘బ్లడ్ బ్రదర్స్’, ‘దిస్ హార్డ్ ల్యాండ్’. అప్పటిదాకా ఆయన ఆల్బమ్ దేంట్లోనూ లేనివి. బయటికి రాకముందే హిట్లెలా అయ్యాయి? ‘థండర్ రోడ్’ అప్పట్లో అమెరికాలో సింగిల్‌గా కూడా రాలేదు. కాబట్టి హిట్ అనేది కొలబద్ద కాదు, సాకు.

నిక్కచ్చి:
కొత్త పాటలు పెట్టకపోతే ఆల్బమ్‌లన్నీ ఇంట్లో ఉన్న అభిమాని మళ్లీ ఎందుకు కొంటాడు? అది వ్యాపారం. ఏ సంకలనమైనా అంతే.

పాతరికార్డు:
మీరిద్దరూ పాటల జాబితా దగ్గరే పోట్లాడుకుంటున్నారు. అసలు తేడా వాయించినవాళ్లలో ఉంది. 1973 ఆల్బమ్‌లలో డ్రమ్స్ విని లోపెజ్. ఆయన తాళాన్ని పట్టుకుని కూర్చునే రకం కాదు. పాట కాస్త తుళ్లితే తనూ తుళ్లుతాడు, ఒక్కోసారి ముందే దూకేస్తాడు. రెండో ఆల్బమ్‌లో పియానో డేవిడ్ శాన్షస్‌ది. రాక్ బ్యాండ్‌లో జాజ్ చెయ్యి. 1974లో డ్రమ్స్‌కి మాక్స్ వైన్‌బర్గ్, పియానోకి రాయ్ బిట్టన్ వచ్చారు, ఆ తర్వాత అంతా గీత గీసినట్టే. మంచిదా చెడ్డదా అనడం లేదు, వేరు అంటున్నాను.

ఇది చెవికి తెలియాలంటే 2003 నాటి ‘ది ఎసెన్షియల్’ సంకలనం పెట్టుకోండి. మొదటి ఐదు పాటలూ 1973వే. ‘రొజలీటా’ అయిపోగానే ‘థండర్ రోడ్’ వస్తుంది. ఆ రెండు పాటల మధ్య బ్యాండే మారిపోయింది.

తమాషా ఏమిటంటే, సందేహజీవి గారు కోత అంటున్న ఆ 1995 డిస్క్ మొదటి పాటలోనే పాత వాసన ఉంది. ‘బార్న్ టు రన్’ పాటని 1974లోనే, తొలి ఆల్బమ్‌లు చేసిన 914 స్టూడియోలోనే రికార్డు చేశారు. పియానో శాన్షస్, డ్రమ్స్ ఎర్నెస్ట్ కార్టర్. ఆ తర్వాత ఇద్దరూ బ్యాండ్ వదిలేశారు. అదే పేరుతో 1975లో వచ్చిన ఆల్బమ్‌లో మిగతా పాటలకి కొత్తవాళ్లు వాయించారు.

కొత్తచెవి:
మీరంతా ఎవరి గురించి మాట్లాడుకుంటున్నారో ఆ కొత్త శ్రోతని నేనే. హిట్స్ డిస్క్‌తోనే మొదలుపెట్టాను, తర్వాత ‘ఎసెన్షియల్’. ‘రొజలీటా’ భలే నచ్చింది. కానీ రెండో ఆల్బమ్ మొత్తం విన్నాక కాస్త కోపం కూడా వచ్చింది. అందులో ‘రొజలీటా’కి ముందు ‘ఇన్సిడెంట్ ఆన్ 57త్ స్ట్రీట్’ ఉంటుంది. దాని చివర గోలంతా సద్దుమణిగి ఒక్క పియానో మిగులుతుంది. అది ఇంకా చెవిలో ఉండగానే గిటార్ అందుకుంటుంది, అదే ‘రొజలీటా’. సంకలనంలో ఆ పియానో లేదు. పాట చక్కగానే ఉంది, దాని ఊపు ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం తెలియలేదు. ఎల్‌పీ రెండో వైపంతా కలిపి ఉన్నవి మూడే పాటలు, మూడూ కలిపి వినాల్సినవే.

అయినా హిట్స్ వినకపోతే నేను ఆ ఆల్బమ్ దాకా వెళ్లేవాణ్నే కాదు.

నిక్కచ్చి:
నేను మొదటి నుంచీ మొత్తుకుంటోంది అదే కదా తమ్ముడూ.

సందేహజీవి:
మీరు చెప్పింది అది కాదు లెండి. తొలి పాటలు అక్కర్లేదన్నారు. ఆయన తన ఆత్మకథకి తోడుగా 2016లో స్వయంగా ఏర్చి వేసిన ‘చాప్టర్ అండ్ వర్స్’ చూడండి. అందులోనూ 18 పాటలే. ‘బార్న్ టు రన్’ వచ్చేసరికి ఏడు పాటలు అయిపోతాయి! 1966లో, పదహారేళ్ల వయసులో, కాస్టీల్స్ బ్యాండ్‌తో చేసిన ‘బేబీ ఐ’ కూడా పెట్టాడు. 1995లో సున్నా, 2016లో ఏడు. చోటు లేక కాదు, మనసు లేక.

నిక్కచ్చి:
ఆత్మకథ పక్కన వేసుకుంటే కుర్రతనపు పాటలు కావాల్సిందే, ఒప్పుకుంటా. కానీ గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి, ‘బేబీ ఐ’ రెండోసారి విన్నారా?

పాతరికార్డు:
నేను వినలేదు. పాతదైనంత మాత్రాన మంచిదైపోదు. అదే డిస్క్‌లో ఆరో పాట, 1972 డెమో (ఆల్బమ్‌కి ముందు నమూనాగా చేసిన రికార్డు) ‘గ్రోయిన్ అప్’ మాత్రం వదలకండి. దాన్ని మొదటి ఆల్బమ్‌లో ఉన్న వెర్షన్ పక్కన పెట్టి విని, ఏది నచ్చిందో ఇక్కడ రాయండి. నా ఓటు డెమోకే.