భీమవరం రొయ్యల కంపెనీ నుంచి అమెరికా ఆఫీసుకి మేనేజరు: ఎల్-1ఏ (కంపెనీ మేనేజరుని తన అమెరికా ఆఫీసుకి బదిలీ చేసే వీసా) ఇప్పుడే వేయొచ్చా?

యనమదుర్రు_గట్టు:
నమస్కారం అండి. మాది భీమవరంలో వనామీ రొయ్యలు ప్రాసెస్ చేసి ఎగుమతి చేసే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. హ్యూస్టన్‌లో సేల్స్ ఆఫీసు తెరుస్తున్నాం, ఎక్స్‌పోర్ట్ మేనేజరు గారిని పంపాలి. ఆయన చేరి 13 నెలలైంది. అందులో 70 రోజులు బి-1 (వ్యాపార పర్యటన వీసా) మీద అమెరికాలోనే ఉన్నారు. అక్కడ పెట్టిన కంపెనీ (ఎల్ఎల్‌సీ) మొత్తం మా ఎండీ గారి బావమరిది పేరున ఉంది. నేరుగా హైదరాబాద్ కాన్సులేట్‌లో అప్లై చేయాలా? ఖర్చెంత?

కోటిపల్లి_రేవు:
ఉన్నపళంగా వేస్తే నిలవదండి. ముందు ఎల్ఎల్‌సీ సంగతి తేల్చుకోండి. బావమరిది అన్న బంధుత్వం ఇక్కడ లెక్కలోకి రాదు. వాటా ఎవరిది, పెత్తనం ఎవరిది అన్నదే చూస్తారు. ఇప్పుడున్నట్టయితే అవి సంబంధం లేని రెండు కంపెనీలు. సగానికి మించిన వాటా భీమవరం కంపెనీ పేరున రావాలి. ఎండీ గారు సొంత పేరున కొన్నా కుదురుతుంది గానీ, ఇక్కడి కంపెనీలో కూడా పెత్తనం వాటా ఆయనదే అయ్యుండాలి. మన వైపు వాటాలు అన్నదమ్ములకీ అప్పచెల్లెళ్లకీ పంచి ఉంటాయి, అందుకే ఆ దారి తరచూ చెడుతుంది.

వాటా కొనే డబ్బు విదేశీ పెట్టుబడి కింద బ్యాంకు ద్వారానే వెళ్లాలి. ఫారం ఎఫ్‌సీ (విదేశీ పెట్టుబడి వివరాల ఫారం) ఇచ్చి, రిజర్వ్ బ్యాంక్ యూఐఎన్ నంబరు (ఆ పెట్టుబడికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) వచ్చాకే పంపాలి. పంపిన 6 నెలల్లోపు వాటా పత్రం బ్యాంకుకి ఇవ్వాలి. తర్వాత ఏటా డిసెంబరు 31లోగా ఏపీఆర్ (ఆ విదేశీ కంపెనీ వార్షిక పనితీరు నివేదిక) దాఖలు చేయాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

ఇక రోజుల లెక్క. గత 3 ఏళ్లలో ఒక ఏడాది ఎడతెగకుండా విదేశంలో, అంటే ఇక్కడ, మీ దగ్గర పని చేసి ఉండాలి. బి-1 రోజులు ఆ వరసని తెంచవు గానీ ఏడాదిలో కలవవు. 13 నెలలు సుమారు 395 రోజులు, 70 తీస్తే 325. ఇంకా 40 రోజులు ఆగాలి. పిటిషన్ వేసే రోజుకే ఏడాది నిండి ఉండాలండి.

అత్తిలి_రోడ్డు:
నేరుగా కాన్సులేట్‌కి వెళ్లడం కుదరదు. ముందు అమెరికా ఎల్ఎల్‌సీ ఐ-129 పిటిషన్ యూఎస్‌సీఐఎస్‌లో (అమెరికా వలస సేవల శాఖలో) వేస్తుంది. ఆమోదం వచ్చాక డీఎస్-160 (వీసా దరఖాస్తు ఫారం) నింపి, 205 డాలర్లు కట్టి హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ. 2024 ఏప్రిల్ రేట్ల ప్రకారం అక్కడ 25 మందిలోపు ఫుల్‌టైమ్ ఉద్యోగులున్న సంస్థకి పిటిషన్ 695, అసైలం ప్రోగ్రామ్ ఫీజు 300, ఫ్రాడ్ ఫీజు 500, మొత్తం 1,495 డాలర్లు. వేసే ముందు రేట్లు మళ్లీ చూసుకోండి. ప్రీమియం (పిటిషన్ త్వరగా తేల్చడానికి కట్టే ఫీజు), లాయరు ఖర్చు వేరే.

కొత్త ఆఫీసు కాబట్టి ఒక్క ఏడాదికే ఇస్తారు. ఆఫీసు లీజు పిటిషన్‌తోనే పెట్టాలి. ఉత్తరాలు అందుకునే వర్చువల్ అడ్రసు సరిపోదు. బిజినెస్ ప్లాన్‌లో ఏ నెలలో ఎవరిని పెట్టుకుంటారో, జీతాల డబ్బు ఎక్కడిదో రాయండి.

ఎక్కువ చిక్కులు వచ్చేది ఉద్యోగ వివరణలోనే. "బయ్యర్లతో మాట్లాడతారు, కంటైనర్లు చూసుకుంటారు" అని రాస్తే అది సేల్స్‌మన్ పని, మేనేజరు పని కాదు. ధరల విధానం నిర్ణయించడం, బయ్యర్లకి అప్పు పరిమితి పెట్టడం, సిబ్బందిని తీసుకోవడం, తీసేయడం, ఇలా ఒక్కో పనికీ వారంలో ఎంత శాతమో రాయాలి. కంటైనర్ల ఫాలోఅప్ ఎవరు చేస్తారో కూడా సిబ్బంది చార్టులో కనబడాలి.

యనమదుర్రు_గట్టు:
చాలా థాంక్స్ అండి. బావమరిది గారికి 49 శాతం ఉంచొచ్చా? ఇంకోటి, మేనేజరు గారి జీతంలో కొంత నగదుగా ఇచ్చాం.

కోటిపల్లి_రేవు:
49 ఉంచొచ్చు. కానీ ఆయన సంతకం లేకుండా నిర్ణయాలు జరగవన్న షరతు ఆపరేటింగ్ అగ్రిమెంట్‌లో (ఎల్ఎల్‌సీని నడిపే ఒప్పందంలో) ఉండకూడదు. 51 చేతిలో ఉన్నా పెత్తనం లేదంటారు.

నగదు భాగానికి వెనక తేదీల పే స్లిప్పులు మాత్రం తయారు చేయించకండి. మోసం అని తేలితే అమెరికా ప్రవేశానికే ఆయనకి జీవితాంతం అడ్డు పడుతుంది. ఫారం 16, పీఎఫ్ చలానాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లలో ఏముందో అదే పెట్టండి. ఎలాగూ ఆగాలి కాబట్టి, వచ్చే నెల నుంచి జీతం మొత్తం బ్యాంకులోనే వేయండి.