మొదటి హెన్రీ ఖజానా: కొత్త వ్యవస్థా, పాత పిండుడేనా?

దస్త్రాలపిచ్చి:
ఇంగ్లండును ఏలిన నార్మన్ రాజు మొదటి హెన్రీ (1100–1135) పేరెత్తితే చాలు, అందరిదీ ఒకటే పాట. ఆర్థిక పాలనను చక్కదిద్దాడట, ఎక్స్‌చెకర్‌ను, అంటే రాజు రాబడి లెక్కలు తేల్చే కొలువును, నిలబెట్టాడట. నాకీ పొగడ్త మింగుడుపడదు. ఆయన కొత్తగా వేసిన పన్ను ఒక్కటి చూపించండి. డేన్‌గెల్డ్ అనే భూమిపన్ను నార్మన్లకు ముందు ఏలిన శాక్సన్ రాజుల నాటిది. షెరీఫులు, అంటే కౌంటీల్లో (జిల్లాల్లో) రాజు అధికారులు, కౌంటీ ఆదాయాన్ని రాజు దగ్గర గుత్తకు తీసుకోవడం 1086 నాటి డూమ్స్‌డే అనే భూముల సర్వేలోనే కనబడుతుంది. వెండి పెన్నీ అంతకంటే పాతది.

పైగా పట్టాభిషేకం రోజున, 1100 ఆగస్టు 5న, ఒక శాసనం ఇచ్చాడు. వారసుల దగ్గర న్యాయమైన రుసుమే తీసుకుంటానన్నాడు. బిషప్ లేని పీఠాల ఆస్తులు ముట్టుకోనన్నాడు. వితంతువులకు ఇష్టంలేని పెళ్లి చేయనన్నాడు. తీరా 1109లో ఆర్చిబిషప్ ఆన్సెల్మ్ పోయాక కాంటర్‌బరీ పీఠం 1114 దాకా ఖాళీగానే ఉండిపోయింది. చెస్టర్ కౌంటెస్ లూసీ అయిదేళ్ల దాకా తనకు మొగుణ్ణి కట్టబెట్టకుండా ఉండేందుకు 500 మార్కులు (మార్కంటే పౌండులో మూడింట రెండు వంతులు) ఒప్పుకున్నట్టు 1130 లెక్కల్లోనే ఉంది. దీన్ని సంస్కరణ అంటారా?

ములుగుమాష్టారు:
పన్ను కొత్తదా పాతదా అని వెతికితే మీకు ఏమీ దొరకదు బాబూ. మారింది లెక్క అడిగే తీరు. ఖజానా పని హెన్రీ ముఖ్యమంత్రి లాంటి సాలిస్‌బరీ బిషప్ రోజర్ చేతిలోకి వచ్చాక షెరీఫు ఏటా రెండుసార్లు హాజరు కావాలి. ఈస్టర్‌కి కొంత కట్టాలి, సెప్టెంబరు చివర మైఖేల్‌మస్‌కి మొత్తం లెక్క తేల్చాలి. పది అడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు బల్ల, దానిమీద గళ్లు గీసిన గుడ్డ. పెన్నీలకో వరస, షిల్లింగులకో వరస, పౌండ్లకో వరస. రావలసింది ఒకవైపు, కట్టింది ఒకవైపు బిళ్లలతో పేరుస్తారు. చదువు రాని షెరీఫుకి కూడా తను ఎంత బాకీయో కళ్ల ముందే తెలిసిపోతుంది. కట్టినదానికి రసీదు గంట్లు కోసిన కర్ర. దాన్ని నిలువునా చీల్చి చెరో సగం ఉంచుకుంటారు. మన జమాబందీలో కరణం చేతులు కట్టుకుని నిలబడ్డట్టే, ఎంత పెద్ద ప్రభువైనా షెరీఫుగా వచ్చాడంటే ఆ బల్ల ముందు కూచోవలసిందే.

1110లో కూతురు మటిల్డాకి జర్మనీ రాజు అయిదో హెన్రీతో సంబంధం కుదిరినప్పుడు హైడ్ అనే భూమి కొలతకి 3 షిల్లింగుల చొప్పున పన్ను వేశారు. ఎక్స్‌చెకర్ పేరు పత్రాల్లోకి వచ్చేదీ దాదాపు అప్పుడే. అంత డబ్బు ఒక్కసారిగా రాబట్టాలంటే నోటిలెక్కలతో అయ్యే పని కాదు.

నీలిసిరా:
మాష్టారూ, నమస్తే. బల్ల కొలతలు, బిళ్లల వరసలు మనకు ఎక్కడివి? రిచర్డ్ ఫిట్జ్‌నీల్ 1170ల చివర్లో ఎక్స్‌చెకర్ గురించి రాసిన సంభాషణ గ్రంథంలోవి. ఆయన ఎవరు? ఈలీ బిషప్ నైజెల్ కొడుకు. నైజెల్ ఎవరు? రోజర్ అన్న కొడుకో తమ్ముడి కొడుకో, మొత్తానికి ఆయన పెంచినవాడు. ఇంటిపెద్ద గురించి ఇంటివాళ్లు చెప్పిన కథ అది!

ఆ పుస్తకంలోనే ఇంకో కథ ఉంది. పూర్వం రాజు భూముల రైతులు శిస్తు ధాన్యం, పశువుల రూపంలో ఇచ్చేవారట. హెన్రీ కాలంలో బతుకు భారమై నాగళ్లు పట్టుకుని రాజు ముందుకొచ్చి మొరపెట్టుకుంటే, ఎద్దుకు 1 షిల్లింగు, పొట్టేలుకు 4 పెన్నీలు అని వెలకట్టి అంతా డబ్బులోకి మార్చారట. చదవడానికి బావుంటుంది. కానీ 1086లోనే చాలా రాజభూములు డబ్బు కట్టినట్టు డూమ్స్‌డే చెబుతోంది. కాబట్టి రోజర్‌కి పెట్టిన కిరీటాన్ని కాస్త చూసి నమ్మాలి. రాజపరివారం ఊళ్లమీద పడి తినే తీరుకు హెన్రీ కట్టుదిట్టాలు చేసిన మాట మాత్రం నిజం. అంతకుముందు ఆ పరివారం తాగగా మిగిలిన మద్యంతో గుర్రాల కాళ్లు కడిగేదని ఈడ్మర్ అనే సన్యాసి రాశాడు.

చిల్లరలెక్క:
అసలు జనం ఏమన్నారో ఎవరూ చెప్పరేం? 1124 పంటలు పోయిన ఏడు. సంతకి పౌండు డబ్బు పట్టుకెళ్తే 12 పెన్నీల సరుకు కూడా రాలేదని సన్యాసులు ఏటేటా రాసిన ఆంగ్లో-శాక్సన్ క్రానికల్ చెప్పింది. పౌండంటే 240 పెన్నీలు! నాణేలు అంత నాసిరకం అన్నమాట. ఉన్నవాడి ఆస్తి పన్నులకూ కోర్టులకూ పోయింది, లేనివాడు ఆకలితో పోయాడు అని కూడా అదే చెప్పింది. ఆ ఏడే హన్‌కోట్‌లో రాజు న్యాయాధికారి రాల్ఫ్ బాసెట్ ఒకే విడతలో 44 మంది దొంగలను ఉరితీయించాడు.

హెన్రీ ఏం చేశాడంటే, ఆ క్రిస్మస్‌కి నాణేలు కొట్టేవాళ్లని వించెస్టర్‌కి రప్పించి, కుడి చెయ్యి నరికించి, బీజాలు కోయించాడు. పనిని దగ్గరుండి నడిపింది మాష్టారు మెచ్చుకున్న ఆ బిషప్ రోజరే.

ములుగుమాష్టారు:
క్రూరమే, కాదనను. కానీ తిట్టిన ఆ క్రానికల్ రచయితే ఆ శిక్ష న్యాయమేనని రాశాడు, వాళ్లు దేశాన్ని ముంచారు కనుక. శిస్తు వెండి నాణేల్లో వస్తున్నప్పుడు నాణెంలో వెండి తగ్గితే ఖజానాకీ నష్టమే, సంతకి పోయే పేదవాడికీ నష్టమే. షెరీఫులు తెచ్చిన పెన్నీలను కరిగించి చూసి, తగ్గితే తేడా కట్టించుకునే పద్ధతి ఉండేది అందుకే.

పౌండుపెన్నీ:
అందరూ అంచుల్లో తిరుగుతున్నారు. 1130 పైప్ రోల్ దగ్గరికి రండి. హెన్రీ కాలంలోది మిగిలిన ఒకే ఒక్క లెక్కల చుట్ట. అందులో రాజుకు రావలసింది సుమారు 68,000 పౌండ్లు. ఆ ఏడు వసూలైంది 24,000 దరిదాపు. డేన్‌గెల్డ్ వాటా అందులో పదోవంతు చుట్టూ. ఎక్కువ వచ్చేది భూముల నుంచి, కౌంటీ గుత్తల నుంచి.

మిగతా 40 వేల పై చిలుకు సంగతి ఏమిటి? చేతకాక వదిలేసింది అనుకుంటే పొరపాటు. చాన్సలర్ జెఫ్రీ రాజముద్ర పదవికి 3,006 పౌండ్ల 13 షిల్లింగుల 4 పెన్నీలు బాకీ ఉన్నాడు. ఒక్కసారిగా తీర్చాలని ఎవరూ అనుకోలేదు. ఆ బాకీ చుట్టలో ఉన్నంతకాలం మనిషి రాజు చేతిలో ఉంటాడు. విశ్వాసంగా ఉంటే ఏటా కొంచెం కొంచెం కడతాడు, రాజుకి మరీ నచ్చితే మాఫీ. డేన్‌గెల్డ్‌లోనూ రాజుకి కావలసినవాళ్లకి పేరుపేరునా మాఫీలు రాసి ఉన్నాయి. ఎదురు తిరిగితే మొత్తం ఒకేసారి అడుగుతారు. హెన్రీకి ముందు ఏలిన అన్న రూఫస్ కూడా పిండాడు, కానీ ఎవరి దగ్గర ఎంత నిలవుందో ఏటేటా ఇలా రాసి పెట్టుకున్న దాఖలా ఆయన కాలం నుంచి మనకు ఏదీ మిగల్లేదు. నా దృష్టిలో మార్పంటే అదే. దస్త్రాలపిచ్చి గారు చూపిన లూసీ 500 మార్కులు కూడా ఈ పద్దులోవే.

నీలిసిరా:
ఈ వాదన నాకు నచ్చింది, ఒక్క మెలికతో. ఒక్క ఏడాది చుట్ట పట్టుకుని 35 ఏళ్ల పాలనకి తీర్పు చెప్పేస్తున్నాం. 1130కి ముందే షెరీఫుల్ని మార్చి, ఆబ్రే డి వేర్, రిచర్డ్ బాసెట్ ఇద్దరికీ కలిపి 11 కౌంటీలు అప్పగించారు. వాళ్లు గుత్త మొత్తంపైన 1,000 మార్కులు అదనంగా కట్టారు. అంటే మామూలు షెరీఫులు అంతకుముందు ఎంత మిగుల్చుకుంటున్నారో ఊహించుకోండి. ఇదంతా చివరి అయిదారేళ్ల బిగింపు కావచ్చు.

చిల్లరలెక్క:
బిగింపు ఎంతగా ఉందంటే రాజుకే పీడకలలు వచ్చాయట! రైతులు పనిముట్లతో, సైనికులు కత్తులతో, బిషప్పులు దండాలతో మీద పడినట్టు. వూస్టర్ జాన్ తన చరిత్రలో బొమ్మలు వేయించి మరీ చెప్పాడు. 1131లో సముద్రంలో తుఫానుకి చిక్కి, ఏడేళ్లు డేన్‌గెల్డ్ వసూలు చేయనని మొక్కుకున్నాడని కూడా ఆయనే రాశాడు. గొప్ప వ్యవస్థను కట్టినవాడికి అంత భయం ఎందుకో?

దస్త్రాలపిచ్చి:
పౌండుపెన్నీ గారి మాట ఒప్పుకుంటే నా ప్రశ్న ఇంకా బలపడుతుంది. జనం బాకీని మెడకి తాడులా వాడుకోవడం పునాది వేయడం ఎలా అవుతుంది? అంత గట్టి వ్యవస్థే అయితే 1135 డిసెంబరులో హెన్రీ పోయాక, వించెస్టర్ ఖజానా తర్వాత రాజైన మేనల్లుడు స్టీఫెన్ చేతికి చిక్కాక ఎందుకు కూలింది?

పౌండుపెన్నీ:
డబ్బున్న ఖజానా దొరికింది, దాన్ని నింపే మనుషుల్ని స్టీఫెనే తరిమేశాడు. 1139 జూన్‌లో రోజర్‌ను పట్టుకుని కోటలు లాక్కున్నాడు. ఆ డిసెంబరులో రోజర్ చనిపోయాడు. సింహాసనం కోసం మటిల్డాతో జరిగిన యుద్ధంలో ఎవరి కౌంటీ వాళ్లదయింది. 1154లో మటిల్డా కొడుకు రెండో హెన్రీ వచ్చాక మళ్లీ లెక్కలు దారిలో పెట్టమని పిలిచింది ఎవరినో తెలుసుగా, నైజెల్‌నే. అయినా మొదటి ఏళ్లలో రాబడి 1130 స్థాయికి చాలా కిందే ఉండిపోయింది. తాత దగ్గర పద్ధతి లేకపోతే మనవడు దేన్ని తిరిగి తెచ్చుకున్నట్టు?