గెఫియాన్ ఫౌంటెన్: ఎద్దుల ముక్కు తుంపర, కింది జలపాతం ఒకే ఫొటోలో ఎలా?

కోపెన్‌హాగెన్‌లో కాస్టెలెట్ కోట పక్కనున్న గెఫియాన్ ఫౌంటెన్ ఫొటోలో ఒక చోట ఆగిపోయాను. గెఫియాన్ దేవత తన నలుగురు కొడుకుల్ని ఎద్దులుగా మార్చి, స్వీడన్ నేలను దున్ని షేలాండ్ దీవిని లాక్కొచ్చిన కథను శిల్పి ఆండర్స్ బుండ్‌గార్డ్ కంచులో పోశాడు. 1908లో నీళ్లు వదిలారు. ఎద్దుల ముక్కుల్లోంచి చిమ్మే తుంపరే ఆ శిల్పానికి ఊపిరి, అది పోతే బొమ్మ చచ్చిపోతుంది.

మబ్బు పట్టిన పగలు, ట్రైపాడ్ మీద, ఎఫ్/8 అపర్చర్ (లెన్సు రంధ్రం సైజు). 1/500 సెకను షట్టర్, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 800లో తుంపర చక్కగా నిలుస్తోంది, కానీ కింద మెట్ల మీది నీళ్లు గాజుపెంకుల్లా గరుకుగా వస్తున్నాయి. అర సెకను, ఐఎస్ఓ 100, ఎన్‌డీ 32 (వెలుగును 32వ వంతుకు తగ్గించే ఫిల్టర్) పెడితే మెట్ల నీళ్లు పట్టులా జారుతాయి, తుంపర మాత్రం తెల్లటి పొగై ఎద్దుల తలల్ని కప్పేస్తుంది. 1/15, 1/30 సెకనులో రెండూ చెడ్డాయి. పోలరైజర్ (ప్రతిఫలించే మెరుపును తగ్గించే ఫిల్టర్) తడి పొర మెరుపును కొంత తగ్గించింది, లోహపు మెరుపును కదపలేదు (కదపదు కూడా).

1/500, అర సెకను ఫ్రేములు రెంటినీ ఎడిటింగ్‌లో ఒకదాని మీద ఒకటి లేయర్లుగా పెట్టి, దేంట్లో ఏ భాగం కనిపించాలో మాస్క్ చేశాను. కొమ్ముల చుట్టూ తెల్లటి అంచు మిగులుతోంది. అర సెకను ఫ్రేములోని పొగ మాస్క్ హద్దు దాటి పాకడమే కారణం. లైటెన్ మోడ్‌లో (రెండు లేయర్లలో వెలుగెక్కువున్నదాన్నే ఉంచే పద్ధతి) ఇంకా ఎక్కువైంది. మాస్క్ అంచును మెత్తగా చేస్తే కొమ్ములే మసకబారుతున్నాయి.

అర సెకను ఫ్రేము బదులు, 1/500లో వరసగా తీసిన ఫ్రేముల సగటును మెట్ల భాగానికి మాత్రమే వాడితే ఈ తెల్ల అంచు పోతుందా? చేసి చూసినవాళ్లు ఎన్ని ఫ్రేములు కలిపారు?