గొడ్డలి కామ వదులైతే నీళ్లలో నానెయ్యడం మందా, మోసమా?

కాలవగట్టు:
మా వైపు గొడ్డలి తల ఊగుతోందంటే సాయంత్రం దాన్ని కాలవలో పడేస్తారు. పొద్దున్నకి బిర్రుగా పట్టేస్తుంది. అలా చేస్తే కామ పాడవుతుందని వడ్రంగులు అంటారు, కట్టెలు కొట్టేవాళ్లు ఒప్పుకోరు. గొడ్డలి కిలోన్నర, కామ నల్లతుమ్మ, 30 అంగుళాలు. ఏది సరో కారణంతో చెప్పండి.

బాడిస:
నానెయ్యకండి. కర్ర ఉబ్బుతుంది, ఇనుము జరగదు, కాబట్టి నలిగేది కర్రే. కామ దూరే ఇనప కన్నం లోపల కర్ర నార అణిగిపోతుంది. ఆరాక అది మునుపటి మందానికి రాదు, ఇంకా సన్నబడుతుంది. అందుకే రెండోసారి ఇంకా త్వరగా వదులవుతుంది. నాలుగైదు సార్లు నానిన కామని ఊడదీసి చూడండి. కన్నం కింద కామ ఎప్పటి మందంలోనే ఉంటుంది, లోపలున్న ముక్క మాత్రం నడుం నొక్కినట్టు సన్నబడి, సిరా పట్టినట్టు నల్లగా ఉంటుంది. తుమ్మలో వగరు ఎక్కువ. వగరు, ఇనుము, తడి కలిస్తే పుట్టే నలుపు అది. గోరుతో గీరితే పొడి రాలుతుంది.

కట్టెలమోపు:
బాడిస గారూ, అదంతా నిజమేనండి. కానీ తోటలో కొబ్బరి మొద్దులు కొడుతున్న మనిషికి పదింటికి తల ఊగితే రంపం, కామ పైకోసలో బిగువుకి కొట్టే చీల, చిత్రిక ఎక్కణ్ణించి వస్తాయి? పక్కన బోదె ఉంటుంది. నీళ్లలో ముంచితే ఆ పూట గడుస్తుంది. కామ ఎలాగూ అరిగే వస్తువే. పైగా చీల లేకుండా పిక్కాసు మాదిరిగా పైనుంచి దూర్చే గొడ్డళ్లూ ఉన్నాయి. వాటి కామ తల దగ్గర లావు, కింద సన్నం. విసిరినకొద్దీ బిగుస్తుంది. వదులైతే కామ తలని నేలకేసి రెండు పోట్లు పొడిస్తే చాలు. దానికి నీళ్లూ అక్కర్లేదు, చీలా అక్కర్లేదు.

బాడిస:
పైనుంచి దూర్చేదానికి ఒప్పుకుంటాను. కింద నుంచి ఎక్కించి చీల కొట్టేదాని గురించే నా మాట. మీరన్న "ఆ పూట" దగ్గరే అసలు ప్రమాదం. పొద్దున్న బిర్రుగా ఉన్నది మిట్టమధ్యాహ్నం ఎండకి ఆరుతుంది, పనివాడికి మాత్రం పొద్దున్నటి బిగువే గుర్తుంటుంది. గొడ్డలి కంటే సమ్మెటతో భయం ఎక్కువ. నాలుగైదు కిలోల తల ఊడితే ఎదురుగా చీల పట్టుకున్నవాడి మీదికే పోతుంది. సమ్మెటని నానెయ్యడం ఏ లెక్కనా ఒప్పుకోను.

సరుగుడుతోట:
ఎండకి ఇనుము వ్యాకోచించి వదులవుతుందని కూడా అంటారు కదా?

బాడిస:
లెక్క వేయండి. 50 మి.మీ. పొడవున్న కన్నం 30 డిగ్రీలు వేడెక్కినా పెరిగేది 0.02 మి.మీ. లోపే. అదే కర్రలో తేమ ఐదు శాతం తగ్గితే అంత వెడల్పు మీద అర మిల్లీమీటరు దాకా తగ్గుతుంది. తప్పు ఇనుముది కాదు. మన డెల్టాలో వానాకాలం గాలికి కర్ర తేమ పీలుస్తుంది, వేసవి వడగాడ్పుకి వదిలేస్తుంది. శ్రావణంలో బిగించిన కామ వైశాఖంలో ఊగక ఏం చేస్తుంది? బిగించేదేదో రోహిణి కార్తెలో, కర్ర బాగా ఎండి ఉన్నప్పుడు బిగించండి.

కట్టెలమోపు:
అక్కడ దొరికారు! ఎండలో బిగిస్తే వానల్లో ఉబ్బుతుంది. అప్పుడు మాత్రం మీ నార నలగదా?

బాడిస:
మంచి ప్రశ్నండి. కొంచెం నలుగుతుంది, కాదనను. కానీ గాలి తేమకి కర్ర పీల్చేది కొద్ది శాతమే. నీళ్లలో రాత్రంతా ముంచితే కన్నం పైన తేలిన కోసలోంచి నీరు నేరుగా లోపలికి దిగి, దాదాపు ముప్పై శాతం దాకా ఎక్కుతుంది. కర్ర ఉబ్బడం ఆగేది అక్కడే. రెండింటికీ చాలా తేడా. ఆ కోసకి నూనె పట్టిస్తే గాలి తేమ కూడా నెమ్మదిస్తుంది.

సరుగుడుతోట:
ఏ నూనె? మా ఇంట్లో ఉండేది కొబ్బరి నూనే.

కొలిమిబొగ్గు:
కొబ్బరి నూనె, ఆముదం గట్టిపడవు. చెయ్యి జారుతుంది, దుమ్ము పడుతుంది. అవిసె నూనె గాలికి గట్టిపడుతుంది. పల్చగా మూడు పూతలు, పూతకీ పూతకీ మధ్య ఒకటి రెండు రోజులు. తుడిచిన గుడ్డని మాత్రం ఉండచుట్టి మూల పడెయ్యకండి, తనంతట తానే అంటుకుంటుంది. విప్పి దండెం మీద ఆరెయ్యండి, లేదా నీళ్లలో వెయ్యండి.

ఇక పాత కామ తీసే సంగతి. చాలామంది తలని నేరుగా నిప్పుల్లో పెట్టి కర్ర కాల్చేస్తారు. కర్ర కాలే వేడికి అంచు పదును చచ్చిపోతుంది, తర్వాత ఎంత సాన పట్టినా అంచు మడత పడుతుంది. కాల్చక తప్పదంటే అంచుని తడి మట్టిలో పూడ్చి, కన్నం మాత్రమే పైకి ఉంచాలి. కాల్చకుండా తియ్యడమే మేలు. తల కింద రంపంతో కోసెయ్యండి, ఇనప చీల ఉంటే దాన్ని తప్పించి బరమాతో నాలుగైదు బెజ్జాలు వేయండి, తలని తిరగేసి రెండు మొద్దుల మీద ఆనించి, కింద వైపు నుంచి ఇనప కడ్డీతో పొడవండి. చీల వల్ల కర్ర పైన విచ్చుకుని ఉంటుంది, అందుకే పైవైపుకే వస్తుంది. పైనుంచి పొడిస్తే ఇంకా బిగుస్తుంది.

కాలవగట్టు:
బాడిస గారూ, అయితే కొత్త కామ ఎలా ఎక్కించాలి? మా దగ్గర సరుగుడు తేలిగ్గా దొరుకుతుంది.

బాడిస:
సరుగుడు గట్టిదే గానీ ఆరేటప్పుడు నెర్రెలిస్తుంది. గుండ్రటి వాసాన్నే కామ చేస్తే నడిమధ్య బెండు అందులోనే ఉండి అక్కణ్ణించే పగుళ్లు తీస్తుంది. చేవ తేలిన తుమ్మ నయం. ఏజెన్సీ వైపు కర్ర తెచ్చుకునే వీలుంటే జాన చెట్టు కర్రని మించింది లేదు, బాగా సాగే గుణం దానిది. కోసిన చెక్క వద్దు, చీల్చిన చెక్క కావాలి. రంపం నారని అడ్డంగా తెగ్గోసుకుంటూ పోతుంది. చీల్చినది నార వెంటే వస్తుంది. కొట్టులో కొన్న కామలు దెబ్బకి ఏటవాలుగా విరిగేది ఇందుకే.

పచ్చి చెక్క రెండు కోసలకీ రంగో పేడో పూసి అటక మీద పెట్టండి. వారానికోసారి తూచండి. మూడు వారాలు వరసగా తూకం మారకపోతే ఆరినట్టు.

కన్నంలో దూర్చేటప్పుడు చెక్కి, పెట్టి, తీసి, ఇనుము మరక పడిన చోటే ఆకురాయితో గీయండి. ఓపిక పట్టాల్సింది ఇక్కడే. తల ఎక్కించడానికి పైనుంచి కొట్టకండి. గొడ్డలిని తలకిందులుగా గాల్లో పట్టుకుని కామ అడుగున కొయ్య సుత్తితో కొట్టండి, తల బరువుకి అదే ఎక్కుతుంది. పైన 5 మి.మీ. తేలనివ్వండి. చీలకి గాడి కన్నం లోతులో మూడింట రెండు వంతులే. మొత్తం కోస్తే కామ కన్నం కింద కూడా చీలుతుంది.

కట్టెలమోపు:
చీల ఇనపదా, చెక్కదా?

బాడిస:
ముందు చెక్కది, గాడి పొడవంతా పట్టేలా. చీల ఆగిపోతే ఇంకా కొట్టకండి, పగులుతుంది. మిగిలిన చీలని కామతో సమంగా కోసెయ్యండి. ఇనప చీల ఒక్కటి, అడ్డంగా ఏటవాలున, చెక్క చీల ఇంకా చాలనప్పుడే.

కొలిమిబొగ్గు:
చివరగా, కామ పైభాగానికీ ఇనుముకీ కలిపి బాల్‌పెన్నుతో ఒక గీత గియ్యండి. గీత రెండు ముక్కలై పక్కకి జరిగిన రోజు ఆ పనిముట్టు పక్కన పెట్టెయ్యండి. కన్నం కింద గురి తప్పిన దెబ్బలు తగిలే చోట సైకిల్ ట్యూబు ముక్క రెండు చుట్లు చుట్టండి.

కట్టెలమోపు:
గీత బావుందండి. తోటలో తల ఊగితే మాత్రం బోదెలో ముంచక తప్పదు, ఇంటికొచ్చాక ఊడదీసి బిగిస్తాం.

బాడిస:
అలాగైతే ముంచింది గొడ్డలేనా, సమ్మెట కూడానా?

కట్టెలమోపు:
గొడ్డలేనండి, ఆయ్.