పాత పాటల ఆర్కెస్ట్రాకి బేస్ స్ట్రింగ్స్: ఫ్లాట్‌వౌండ్‌కి మారాలా?

విశాఖ_బేస్:
అందరికీ నమస్కారం. నాది నాలుగు స్ట్రింగుల ప్రెసిషన్ మోడల్ బేస్ గిటార్, 34 అంగుళాల స్కేల్ (స్ట్రింగ్ మోగే పొడవు). ఆదివారాలు చర్చిలో, పెళ్లిళ్ల సీజన్‌లో పాత పాటల ఆర్కెస్ట్రాలో వాయిస్తాను. ఇప్పుడున్నవి నికెల్ ప్లేటెడ్ రౌండ్‌వౌండ్ (గుండ్రటి తీగ చుట్టినవి), 45-105 గేజ్ (సన్న స్ట్రింగ్ నుంచి లావు స్ట్రింగ్ దాకా మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో). వేసిన కొత్తలో బాగానే మోగుతాయి. తర్వాత మా సముద్రపు గాలికి, నా చేతి చెమటకి గరుకెక్కిపోతాయి. స్లైడ్ చేసినప్పుడల్లా వచ్చే కీచుమనే శబ్దం స్పీకర్లలో వినిపిస్తోందని మా కీబోర్డ్ ఆయన అంటున్నారు. ఇళయరాజా పాటలకి కావలసిన ఆ మెత్తటి, గుండ్రటి బేస్ ఎంత ప్రయత్నించినా రావడం లేదు. ఫ్లాట్‌వౌండ్ (చదునైన పట్టీ చుట్టినవి) వేద్దామంటే ధర రెండింతలకు పైనే ఉంది. పైగా టెన్షన్ (స్ట్రింగ్స్ బిగువు) ఎక్కువై నెక్ వంగిపోతుందని షాపులో భయపెట్టారు. ఏం చేయమంటారు?

స్లాప్_హైదరాబాద్:
బ్రో, ఫ్లాట్స్ వేస్తే స్లాప్ (బొటనవేలితో కొట్టి వాయించడం) మీద ఆశ వదులుకోవాలి. చర్చిలో ఇప్పటి వర్షిప్ పాటలు వాయిస్తున్నావంటే రౌండ్స్ ఉంచుకోవడమే మంచిది. ఎలిక్సర్ లాంటి కోటింగ్ ఉన్న సెట్ వేసి చూడు. చుట్ల మధ్యకి చెమట దిగదు కాబట్టి ఎక్కువ కాలం వస్తాయి. వాయించడం అవగానే పొడి గుడ్డతో స్ట్రింగ్ కింది వైపు కూడా తుడువు. అందరూ పైన మాత్రమే తుడిచి వదిలేస్తారు.

విజయవాడ_ఆర్కెస్ట్రా:
తమ్ముడూ, ఆర్కెస్ట్రాల్లో బేస్ వాయించడమే నా బతుకు, అందుకని కాస్త వివరంగా రాస్తాను. హైదరాబాద్ తమ్ముడు చెప్పింది స్లాప్‌కి నిజం. నువ్వు అడిగిన పాటలకి మాత్రం ఫ్లాట్‌వౌండే సరైనది.

రౌండ్‌వౌండ్‌లో లోపలి తీగ మీద గుండ్రటి తీగ చుడతారు. ఆ చుట్ల మధ్య సందులు ఉంటాయి. వేలు జారితే కీచుమనేది ఆ సందుల వల్లే, చెమట, మట్టి చేరేదీ అక్కడే. ఫ్లాట్‌వౌండ్‌కి పైన చుట్టేది చదునైన పట్టీ. వేలికి నున్నగా తగులుతుంది, సందులు దాదాపు ఉండవు. పదును లేని శబ్దం కోసమే వాటిని వేస్తాం కాబట్టి పాతబడినా బెంగ లేదు. ఏళ్ల తరబడి ఒకే సెట్ ఉంచుకునేవాళ్లున్నారు. ధర రెండింతలైనా చివరికి చవకే.

టెన్షన్ గురించి షాపులో చెప్పింది సగమే నిజం. ఒకే గేజ్‌లో చూస్తే ఫ్లాట్స్ సాధారణంగా కొంచెం బిగువుగా ఉంటాయి, చుట్ల మధ్య ఖాళీ లేక బరువు పెరుగుతుంది కదా. కానీ నీ 45-105 రౌండ్స్ తీసి 45-100 ఫ్లాట్స్ వేస్తే నెక్ మీద లాగుడు పెద్దగా మారదు. అమెరికాలో మోటౌన్ కంపెనీ రికార్డుల్లో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తన 1962 ప్రెసిషన్ మీద లా బెల్లా 52-110 ఫ్లాట్స్ వేసేవాడు, తెగితే తప్ప మార్చేవాడు కాదు. ఆయన శబ్దం మీద మోజుతో చాలామంది అదే సెట్ కొంటారు. అవి చాలా బిగువు, గంటల తరబడి సాగే మన కార్యక్రమాల్లో వేళ్లు నిలవవు. నువ్వు వాటి జోలికి పోకు.

నేను చెప్పేది డాడారియో క్రోమ్స్ 45-100. ఫ్లాట్స్‌లో కాస్త ప్రకాశంగా మోగేవి ఇవి. ఇళయరాజా గారి పాటల్లో శశిధరన్ గారి బేస్ విను, తాళం పట్టి ఊరుకోదు, పాటతో పాటు తనూ ఇంకో పాట పాడుతుంది. అన్నిటికన్నా సన్నదైన G స్ట్రింగ్ మీద పై ఫ్రెట్లకి (నెక్ మీది లోహపు గీతలు) వెళ్లినప్పుడు కూడా స్వరం విడివిడిగా వినిపించాలంటే మరీ మొద్దుగా ఉండే స్ట్రింగ్స్ పనికిరావు. వేళ్లకి ఇంకా మెత్తగా కావాలంటే థామస్టిక్ జాజ్ ఫ్లాట్స్ 43-100 ఉన్నాయి. వదులుగా, హాయిగా ఉంటాయి, ధర మాత్రం చాలా ఎక్కువ. నైలాన్ చుట్టిన నల్లవి వద్దు. అవి లావు, నట్ (నెక్ చివర స్ట్రింగ్స్ ఆనే పట్టీ) గాడి అరగదీయాల్సి వస్తుంది.

పెళ్లి పందిట్లో ఒక జాగ్రత్త. అన్నిటికన్నా లావైన E స్ట్రింగ్ అసలు స్వరం 41 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అక్కడ పెట్టే చిన్న బాక్సులు అంత కిందికి దిగవు, జనం చెవికి చేరేది దాని పై స్వరాలే. ఫ్లాట్స్‌లో అవి తక్కువ. అందుకని ఆంప్‌లో బేస్ నాబ్ పెంచితే గుయ్‌మనే రొద తప్ప ఏమీ రాదు. మిడ్ పెంచు. టోన్ నాబ్ పూర్తిగా మూసేయకు.

స్ట్రింగ్స్ మార్చాక నెక్ చూసుకోవాలి. శృతి చేసి ఒక రాత్రి వదిలెయ్. మర్నాడు E స్ట్రింగ్‌ని మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, నెక్ బాడీని కలిసేచోట ఇంకో చేత్తో నొక్కిపట్టు. ఏడో ఫ్రెట్‌కీ స్ట్రింగ్‌కీ మధ్య ఒక విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉంటే ఏమీ ముట్టుకోనక్కర్లేదు. కార్డు వదులుగా ఆడుతుంటే ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండే కడ్డీ) బిగించాలి, అసలు దూరకపోతే వదులు చేయాలి. ఎటు తిప్పినా ఒక్కసారికి పావు చుట్టు మించకూడదు. తర్వాత పన్నెండో ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ (నొక్కకుండా తాకి పలికించే స్వరం), నొక్కిన స్వరం రెండూ ట్యూనర్‌లో ఒకటిగా ఉన్నాయో లేదో చూడు. నొక్కింది ఎక్కువ పలికితే శాడిల్ (బ్రిడ్జి మీద స్ట్రింగ్ ఆనే ముక్క) వెనక్కి, తక్కువ పలికితే ముందుకి జరపాలి.

విశాఖ_బేస్:
అన్నా, చాలా థాంక్స్. నెక్ గురించి భయం పోయింది. ఇంకో రెండు విషయాలు. నా బ్రిడ్జికి స్ట్రింగ్స్ బాడీ వెనక నుంచి కూడా ఎక్కించొచ్చు, అలా వేస్తే శబ్దం బాగుంటుందంటారు, నిజమేనా? రెండోది, మా గాయకుడు చాలా పాటలకి అర శృతి దించమంటాడు. అప్పుడు 100 గేజ్ E స్ట్రింగ్ మరీ వదులైపోదా?

విజయవాడ_ఆర్కెస్ట్రా:
ఫ్లాట్స్‌ని బాడీ వెనక నుంచి వేయొద్దు తమ్ముడూ. శాడిల్ మీద మలుపు మరీ ఎక్కువైతే పట్టీ చుట్టు విచ్చుకుంటుంది, స్ట్రింగ్ పాడవుతుంది. మామూలుగా బ్రిడ్జి వెనక నుంచే ఎక్కించు. ఇంకో మాట, కత్తిరించే ముందు స్ట్రింగ్‌ని తన పెగ్ దాటి ఇంకో పెగ్గున్నర దూరం లాగి, అక్కడ ముందు లంబంగా మడువు. మడత పడ్డాకే దాని అవతల కత్తిరించు. మడవకుండా కోస్తే పై చుట్టు లోపలి తీగ మీద తిరిగిపోయి స్ట్రింగ్ మోగదు. కోసిన కొనని పెగ్ మధ్య రంధ్రంలోకి దించి, చుట్లు పైనుంచి కిందికి రెండు మూడు పడేలా తిప్పు.

అర శృతి దించితే బిగువు సుమారు 11 శాతం తగ్గుతుంది. వాయించలేనంత వదులు కాదు, కుడి చెయ్యి కాస్త తేలిగ్గా వేస్తే సరిపోతుంది. ఒక శృతి మొత్తం దించితే మాత్రం 20 శాతం పైనే పోతుంది, అప్పుడు E స్ట్రింగ్ ఫ్రెట్లకి తగిలి జివ్వుమంటుంది. కార్యక్రమంలో సగానికి పైగా పాటలు అర శృతి కిందే అయితే బేస్‌ని అక్కడే శృతి చేసి, సెటప్ కూడా ఆ శృతిలోనే చేయించు. మిగతా పాటలకి ఒక ఫ్రెట్ పైకి జరిగి వాయించుకోవచ్చు. పాట పాటకీ పెగ్గులు తిప్పుతూ కూర్చుంటే ఏ స్ట్రింగూ శృతిలో నిలవదు.