పాప టెన్త్ కర్నూల్లో అయింది, ఇంటర్ బెంగళూరులో చేర్చవచ్చా? ఎంబీబీఎస్ సీటు గురించి సలహా కావాలి

అందరికీ నమస్కారమండీ. మావారి ఉద్యోగం మారడంతో ఈమధ్యే కర్నూలు నుంచి బెంగళూరు వచ్చాం. మారతహళ్లి దగ్గర ఉంటున్నాం. పాప పదో తరగతి అక్కడే పాసైంది, డాక్టర్ కోర్సు తప్ప వేరే మాటే ఎత్తదు. బాబు ఈ ఏడాది ఆరో తరగతికి వచ్చాడు. ఇక్కడ ఒక పీయూ (మన ఇంటర్ లాంటిదే) కాలేజీ వాళ్లు నీట్ కోచింగ్‌తో కలిపి చెబుతామంటున్నారు. ఇక్కడ పీయూసీ చదివితే కర్ణాటక గవర్నమెంటు సీటుకి అర్హత వస్తుందట, ఈ వారంలోనే ఫీజు కట్టాలట. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఇక్కడ చాలా కాలంగా ఉంటున్నవాళ్లు ఎవరైనా చెబుతారా?

జవాబు:

చెల్లీ, ఫీజు మాత్రం ఇప్పుడే కట్టకండి. మీ ఇంట్లో ఉన్న పరిస్థితే ఏటా ఎంతోమంది తెలుగువాళ్లకి వస్తుంది. తీరా రెండేళ్ల తర్వాత కౌన్సెలింగ్ దగ్గర తెలుసుకుని ఏడుస్తారు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

వాళ్లు చెప్పింది మీ పాప విషయంలో నిజం కాదు. కర్ణాటక స్టేట్ కోటాకి రెండేళ్ల పీయూసీ ఒక్కటే చాలదు. ఒకటో తరగతి నుంచి సెకండ్ పీయూసీ దాకా లెక్కేస్తే మొత్తం ఏడేళ్లు కర్ణాటకలోనే చదివి ఉండాలి. పదో తరగతి గానీ సెకండ్ పీయూసీ గానీ ఇక్కడే పాసవ్వాలి. మీ పాపకి పీయూసీ అయ్యేనాటికి అయ్యేవి రెండేళ్లే. ఇంకో దారి ఉంది. తల్లిదండ్రుల్లో ఒకరు కర్ణాటకలో ఏడేళ్లు చదివి ఉండి, పిల్ల రెండేళ్ల పీయూసీ ఇక్కడ చదివితే అర్హత వస్తుంది. మీ కర్నూలు వైపు నుంచి బళ్లారిలోనో రాయచూరులోనో ఉండి చదువుకున్నవాళ్లు చాలామందే ఉంటారు. మీలో ఎవరైనా అలా చదివారేమో ముందు చూసుకోండి. ఉంటే నేను కింద రాసేదంతా మారిపోతుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకీ మిలిటరీ వాళ్లకీ వేరే క్లాజులు ఉన్నాయి గానీ, ప్రైవేటు ఉద్యోగంలో బదిలీ అయి వచ్చినవాళ్లకి అవి వర్తించవు.

ఇక్కడ రాకపోతే పోయింది, మన ఆంధ్రలో ఉంది కదా అనుకుంటాం. అసలు నష్టం అక్కడే. ఆంధ్రలో లోకల్ కావాలంటే, అంటే ఆ ప్రాంతం పిల్లలకి కేటాయించే సీట్లకి అర్హత రావాలంటే, ఇంటర్‌తో ముగిసేలా వరసగా నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లూ అక్కడి లోకల్ ఏరియాలోనే చదవాలి. ఇంటర్ ఇక్కడ చదివిస్తే ఆ వరస తెగిపోతుంది. పాప పదేళ్లు కర్నూల్లో చదివి కూడా సొంత రాష్ట్రంలో నాన్ లోకల్ అయిపోతుంది. అప్పుడు మిగిలేది 15 శాతం అన్‌రిజర్వుడ్ సీట్లు. తల్లిదండ్రులు పదేళ్లు ఆంధ్రలో ఉన్నట్టు సర్టిఫికెట్ పెడితే వాటికి పోటీ పడవచ్చు. కానీ ఆ సీట్లకి లోకల్ పిల్లలు కూడా పోటీకి వస్తారు, కాబట్టి చాలా మంచి ర్యాంకు ఉండాలి. తెలంగాణ నుంచి వచ్చినవాళ్లు ఇది చదువుతుంటే మీకూ ఇదే మాట. అక్కడ 2024లో వచ్చిన నిబంధన ప్రకారం తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లు తెలంగాణలోనే చదవాలి. దాన్ని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది.

నా సలహా సూటిగా చెబుతాను. పాప ఇంటర్ ఆంధ్రలోనే చదవాలి. అమ్మమ్మ వాళ్లో నానమ్మ వాళ్లో కర్నూల్లో ఉంటే అక్కడ పెట్టండి, లేకపోతే మంచి హాస్టల్ చూడండి. గుంటూరులోనో విజయవాడలోనో చేర్చినా రాయలసీమ లోకల్ పోతుందని భయపడకండి. నాలుగేళ్లు ఒకే ఏరియాలో లేకపోతే చివరి ఏడేళ్లు చూస్తారు, వాటిలో ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడి లోకల్. పాప ఆరు నుంచి పది దాకా కర్నూల్లోనే కాబట్టి ఇబ్బంది లేదు.

ఇంతలా ఎందుకు చెబుతున్నానంటే డబ్బు లెక్క ఒకసారి చూడండి. ఆంధ్రలో ప్రైవేటు మెడికల్ కాలేజీల్లో కూడా సగం సీట్లు కన్వీనర్ కోటావే (ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చేవి), వాటి ట్యూషన్ ఫీజు ఏడాదికి వేలల్లోనే ఉంటుంది. లోకల్ లేకుండా కర్ణాటక ప్రైవేటు కాలేజీలో ఓపెన్ సీటు తీసుకుంటే ఏడాదికి పది లక్షలు దాటుతుంది. మేనేజ్‌మెంటు, ఎన్నారై సీట్లయితే ఇక చెప్పనక్కర్లేదు. కోర్సు నాలుగున్నరేళ్లు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. జీతం మీద బతికే ఇంటికి ఈ తేడా ఎంతో మీకే తెలుసు.

ఎక్కడ చదివినా మారనిది ఆలిండియా కోటా. దేశంలోని గవర్నమెంటు కాలేజీల్లో 15 శాతం సీట్లు, ఎయిమ్స్, జిప్‌మర్ లాంటివి పూర్తిగా, ఎంసీసీ (కేంద్రం తరఫున సీట్లు నింపే మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) కౌన్సెలింగ్‌లో నింపుతారు. దానికి ఏ లోకలూ అక్కర్లేదు. ర్యాంకు బాగా వస్తే పాప ఆ కోటాలో ఇక్కడి విక్టోరియా హాస్పిటల్ పక్కనున్న బెంగళూరు మెడికల్ కాలేజీలోనే చేరవచ్చు. అంటే ఆంధ్రలో చదివినంత మాత్రాన బెంగళూరు తలుపు మూసుకుపోదు.

బాబు సంగతి వేరు. ఆరో తరగతి ఇక్కడ మొదలుపెడితే సెకండ్ పీయూసీకి సరిగ్గా ఏడేళ్లు అవుతాయి, ఒక్క ఏడాది కూడా అదనంగా లేదు. మధ్యలో మీవారికి మళ్లీ బదిలీ అంటే తప్ప కదలకండి. ఒకే క్లాసు రెండేళ్లు చదివినా ఒక ఏడాదిగానే లెక్కేస్తారు. ఇక్కడి స్కూళ్లలో కన్నడ తప్పనిసరి కాబట్టి ఈ వేసవిలోనే అక్షరాలు దిద్దించండి, మన లిపికి దగ్గరే కాబట్టి తొందరగానే పట్టుకుంటాడు.

వాడి స్టడీ సర్టిఫికెట్లు ఏ ఏడాదికి ఆ ఏడాది భద్రంగా పెట్టండి. మా అమ్మాయి చదువంతా ఇక్కడే, ఇప్పుడు ఎంబీబీఎస్ చేస్తోంది. మల్లేశ్వరంలో కేఈఏ (కర్ణాటకలో సీట్ల కౌన్సెలింగ్ నడిపే సంస్థ) ఆఫీసులో వెరిఫికేషన్‌కి వెళ్లినప్పుడు అక్కడి ఉద్యోగి సర్టిఫికెట్ మీద వేలు పెట్టి ఏడాది తర్వాత ఏడాది కిందికి చదువుకుంటూ పోయాడు. ఒక చోట ఆగాడు. ఆ స్కూలు ఇచ్చిన కాగితం మీద హెడ్‌మాస్టర్ సంతకం, సీలు ఉన్నాయి, బీఈఓ (బ్లాక్ విద్యాధికారి) కౌంటర్ సంతకం లేదు. అది అక్కర్లేదని ఆ స్కూలు వాళ్లే మాకు చెప్పి పంపారు. ఆ మధ్యాహ్నం బీఈఓ ఆఫీసు మూసేలోపు అందుకోవడానికి మేం పడ్డ హైరానా మీకు వద్దు.

మళ్లీ ప్రశ్న:

అక్కా, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థ్యాంక్స్. మాలో ఎవరూ కర్ణాటకలో చదవలేదు. మా అమ్మ కర్నూల్లోనే ఉంది, పాపకి ఆమె దగ్గర ఉండటం ఇష్టమే. నాకే మనసు ఒప్పడం లేదు. మావారి ఆఫీసులో ఒకాయన, నీట్ క్వాలిఫై అయితే చాలు, మేనేజ్‌మెంటు సీటు ఇప్పిస్తాం, లేదంటే జార్జియా పంపిద్దాం అంటున్నాడు. అదేమైనా నమ్మొచ్చా?

జవాబు:

మనసు ఒప్పకపోవడం సహజం చెల్లీ. కర్నూలు రైల్లో రాత్రి ఎక్కితే తెల్లారేసరికి చేరే దూరం, శని ఆదివారాలు మీరే వెళ్లి రావచ్చు. అమ్మ దగ్గర ఉంటుంది కాబట్టి తిండికీ నిద్రకీ లోటు ఉండదు, ఆ రెండేళ్లలో అవే ముఖ్యం.

క్వాలిఫై అయితే చాలు అనే మాట దగ్గరే మోసం మొదలవుతుంది. 2025లో నీట్ రాసినవాళ్లు 22 లక్షలకు పైగా, క్వాలిఫై అయినవాళ్లు 12 లక్షలకు పైగా. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్షా ఇరవై వేలకు అటూఇటూ. ఆ ఏడాది జనరల్ వాళ్లకి 720కి 144 వస్తే క్వాలిఫై. ఆ మార్కులకి గవర్నమెంటు సీటు రాదు, డబ్బున్నవాళ్లకి సీటు అమ్మడానికి మాత్రం పనికొస్తుంది. పైగా కర్ణాటకలో మేనేజ్‌మెంటు, ఎన్నారై సీట్లు కూడా కేఈఏ కౌన్సెలింగ్ ద్వారానే ఇస్తారు, డీమ్డ్ యూనివర్సిటీల సీట్లు ఎంసీసీ ద్వారా. మధ్యలో మనిషి ఇప్పించేదేమీ లేదు. ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి, పాప నీట్ అప్లికేషన్ నంబరు, పాస్‌వర్డు అసలే ఇవ్వకండి.

విదేశం వెళ్లడం తప్పని నేననను. కానీ అక్కడికి వెళ్లాలన్నా నీట్ క్వాలిఫై అవ్వాలి. కోర్సు కనీసం 54 నెలలు ఇంగ్లీషు మీడియంలో ఉండాలి, ఆపైన ఇంటర్న్‌షిప్ చేయాలి, తిరిగి వచ్చాక ఇక్కడ ఎఫ్‌ఎంజీఈ (విదేశంలో చదివినవాళ్లకి పెట్టే అర్హత పరీక్ష) పాసవ్వాలి. ఆ పరీక్షలో ఇన్నేళ్లుగా పాసయ్యేవాళ్లకంటే తప్పేవాళ్లే ఎక్కువ. పదో తరగతి అయిన పిల్ల ముందు ఇప్పుడే ఆ మాట తేకండి.

ఇంకోటి, ఇది పీణ్య, బొమ్మనహళ్లి వైపు ఫ్యాక్టరీల్లో పనిచేసే మనవాళ్ల కోసం. జీతంలో ఈఎస్ఐ కట్ అవుతుంటే వాళ్ల పిల్లలకి ఈఎస్ఐసీ మెడికల్ కాలేజీల్లో ప్రత్యేక కోటా ఉంది. రాజాజీనగర్‌లో ఒక కాలేజీ ఉంది, హైదరాబాద్ సనత్‌నగర్‌లో ఒకటి. నీట్ రాశాక ఈఎస్ఐసీ నుంచి సర్టిఫికెట్ తీసుకుని ఎంసీసీలో పెట్టుకోవాలి. ఇది తెలియక వదిలేసుకునేవాళ్లు ఉంటారు, మీ చుట్టుపక్కల ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

మీరు ఈ వారం చేయాల్సింది రెండే పనులు. కర్నూలు స్కూలు నుంచి పాప ఆరో తరగతి నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు తెచ్చుకోండి, ఆంధ్రలో ఎంబీబీఎస్ సీట్ల కౌన్సెలింగ్ చేసే ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ వాళ్లు రేపు అడిగేది వాటినే. టెన్త్ మెమోలో పేరు, ఆధార్‌లో పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో చూడండి. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించండి, నీట్ ఫారం తెరిచాక ఆధార్ సెంటర్ దగ్గర నిలబడే తీరిక ఉండదు. కాలేజీ ఏది తీసుకుంటున్నారో ఇక్కడ రాయండి, మా అన్నయ్య వాళ్లు కర్నూల్లోనే ఉన్నారు, హాస్టల్, బయాలజీ లెక్చరర్లు ఎలా ఉన్నారో కనుక్కుని చెబుతాను.