చిన్న జూకు పిల్లలను తీసుకువెళ్లడం సబబేనా?

ఎర్రగన్నేరు (చర్చ ప్రారంభం)

గత ఆదివారం మా ఇద్దరు పిల్లలతో ఒక చిన్న నగరంలోని జంతుప్రదర్శనశాలకు వెళ్లివచ్చాము. అబ్బాయికి పదేళ్లు, అమ్మాయికి ఆరేళ్లు. రెండు గంటల్లో మొత్తం చుట్టి రాగలిగినంత చోటు అది. చిరుతపులి బోను దగ్గరకు వచ్చేవరకు అంతా బాగానే సాగింది. ఆ చిరుత ఒక మూల నుంచి మరో మూలకు నడిచి, ప్రతిసారీ ఒకే చోట తల తిప్పి, మళ్లీ అదే దారిలో వెనక్కి వస్తోంది. మేము నిలుచున్న పావుగంటలో ఒక్కసారైనా మా వైపు చూడలేదు. "అమ్మా, అది ఏం పోగొట్టుకుంది?" అని అమ్మాయి అడిగింది. ఏం చెప్పాలో తోచక, వ్యాయామం చేస్తోందని చెప్పి చేయి పట్టుకుని ముందుకు తీసుకువెళ్లాను. ఆ అబద్ధం అప్పటి నుంచి మనసులో మెదులుతూనే ఉంది. ప్రాణులంటే పిల్లలకు ఇష్టం కలగాలని వెళ్లిన మేము, వాటిని బంధించి చూడటం మామూలు విషయమేనని నేర్పి వచ్చామేమో అనిపిస్తోంది. మావారు ఇందుకు ఒప్పుకోవడం లేదు. తాబేలు మేత తినడం చూసి వచ్చిన అబ్బాయి మూడు రోజులు దాని గురించే మాట్లాడాడని, ఇంట్లో ఎన్ని వీడియోలు చూపించినా అంత ఆసక్తి కలగలేదని ఆయన వాదన. మీరేమంటారో కారణాలతో సహా చెప్పగలరు.

ముక్కుసూటి

సబబు కాదు. మీ అమ్మాయి చూసినదానికి శాస్త్రంలో పేరు ఉంది: స్టీరియోటైపీ, అంటే ప్రయోజనమేమీ లేకుండా ఒకే కదలికను మళ్లీ మళ్లీ చేయడం. రాస్ క్లబ్, జార్జియా మేసన్ అనే ఇద్దరు పరిశోధకులు 2003లో నేచర్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అడవిలో ఎంత విశాలమైన ప్రాంతంలో తిరిగే మాంసాహార జంతువైతే, బందీగా ఉన్నప్పుడు అంత ఎక్కువగా ఇలా అటూ ఇటూ తిరుగుతుంది. వాటి పిల్లలు చనిపోయే రేటు కూడా అంత ఎక్కువగా ఉంటుంది. ధ్రువపు ఎలుగుబంటికి జూలో సాధారణంగా దొరికే చోటు, అడవిలో అది తిరిగే కనీస విస్తీర్ణంలో సుమారు పది లక్షల్లో ఒక వంతు మాత్రమేనని వారు లెక్కగట్టారు.

కటకటాలు తీసేసి కందకాలు తవ్వితే సరిపోతుందని కొందరంటారు. ఆ పద్ధతిని 1907లో హాంబర్గ్ దగ్గర తన జంతుశాలలో ప్రవేశపెట్టినవాడు కార్ల్ హాగెన్‌బెక్. ఆయన జంతువుల వ్యాపారి. చూసేవారి కంటికి అడ్డు తొలగింది కానీ, కందకం ఉన్నంత మాత్రాన లోపలి జంతువుకు నడిచే చోటు పెరగలేదు. పెద్ద జూలు కనీసం అంతరించిపోతున్న జాతులను కాపాడే సంతానోత్పత్తి కార్యక్రమాల పేరైనా చెప్పుకోగలవు. చిన్న జూకు ఆ సాకు కూడా లేదు.

నిదానమే

నేను పదకొండేళ్లు ఒక చిన్న జూలో సంరక్షకుడిగా పనిచేశాను కనుక, పక్షపాతం ఉందనుకునే చదవండి. ముక్కుసూటి గారు చెప్పిన అధ్యయనం నిజమే, దాని నిర్ధారణతో నాకు పేచీ లేదు. అయితే దానిని చివరిదాకా అనుసరిస్తే, విశాలంగా తిరిగే జంతువులను చిన్న ఆవరణల్లో ఉంచకూడదనే తేలుతుంది తప్ప, చిన్న జూలే ఉండకూడదని తేలదు. తాబేలుకు, గుడ్లగూబకు, కొండచిలువకు, కప్పకు కావలసిన ఏర్పాట్లు చిన్న చోటులోనూ శ్రద్ధగా చేయవచ్చు. చిరుతకు అలా చేయలేము. చిన్న జూల అసలు తప్పు పెద్ద జూలను అనుకరించడంలో ఉంది. సింహం లేకపోతే జనం రారనే భయంతో సింహాన్ని తెచ్చి, దానికి చాలని చోటులో పెడతారు. మా దగ్గర కూడా అదే జరిగింది, ఆ సమావేశంలో నేనూ నోరు మెదపలేదు.

సంరక్షణలో చిన్న జూలకు పాత్ర లేదన్న మాటను మాత్రం ఒప్పుకోలేను. అరేబియన్ ఓరిక్స్ అనే జింకజాతి జంతువు 1972 నాటికి అడవుల్లో పూర్తిగా అంతరించినా, అంతకు పదేళ్ల ముందు మొదలైన ప్రయత్నంలో జంతుశాలల్లో పెంచిన మంద నుంచే 1982లో దానిని ఒమాన్ ఎడారిలోకి తిరిగి వదిలారు. అది పెద్ద జంతువు, అందుకే అందరికీ తెలుసు. పార్టులా నత్తల కథ చాలామందికి తెలియదు. తాహితీ పరిసర దీవుల్లో వేలిగోరంత ఉండే ఈ చెట్టు నత్తలను, 1970లలో మరో నత్తజాతిని అదుపు చేయడానికి మనుషులే తెచ్చి వదిలిన వేటనత్త దాదాపుగా తుడిచిపెట్టింది. మిగిలినవాటిని కొన్ని జంతుశాలలు గాజుపెట్టెల్లో తరతరాలుగా పెంచి, 2010ల నుంచి మళ్లీ ఆ దీవుల్లోనే వదులుతున్నాయి. దీనికి కావలసింది ఒక గది, తేమ, ఉష్ణోగ్రత తప్పకుండా చూసుకునే ఓపిక గల ఇద్దరు మనుషులు. ఇది చిన్న జూ చేయలేని పనా?

ఇక ఆ చిరుత సంగతి. కేవలం నడకను చూసి తీర్పు చెప్పవద్దని మనవి. మేత వేళ దగ్గరపడితే మాంసాహార జంతువులు చాలావరకు తలుపు దగ్గర తచ్చాడతాయి. గతంలో మరింత ఇరుకులో బతికిన జంతువు, మంచి ఆవరణకు మారిన తర్వాత కూడా ఆ పాత నడకను మానకపోవచ్చు. మానిన గాయపు మచ్చ లాంటిది అది. మీరు చెప్పిన లక్షణాలను బట్టి, ముఖ్యంగా ప్రతిసారీ ఒకే చోట తల తిప్పడాన్ని బట్టి, అది స్టీరియోటైపీ అనే నాకూ అనిపిస్తోంది. కారణం ఇప్పటిదా, పాతదా అన్నది అక్కడివారిని అడిగితేనే తెలుస్తుంది. మూడు ప్రశ్నలు అడగండి. ఈ జంతువు ఎక్కడి నుంచి వచ్చింది? ఇది పోయిన తర్వాత దీని స్థానంలో మరో చిరుతను తెస్తారా? సందర్శకుల కంటపడకుండా దాక్కోవడానికి దీనికి చోటు ఉందా?

మూడో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ, స్విస్ జంతుశాస్త్రవేత్త హైనీ హెడిగర్ ఎన్నో దశాబ్దాల క్రితమే చెప్పినట్టు, ప్రతి అడవి జంతువుకూ మనిషి అంతకంటే దగ్గరకు వస్తే పారిపోయే దూరం ఒకటి ఉంటుంది. ఆ దూరం దొరకని జంతువుకు మన చూపే ఒక ఒత్తిడి. అందుకే, ఖాళీగా కనిపిస్తున్న ఆవరణ ముందు నిలబడి "ఏమీ లేదిక్కడ" అని విసుక్కునే తల్లిదండ్రులను చూసినప్పుడల్లా, అదే ఈ జూలో మంచి ఆవరణ అని చెప్పాలనిపించేది.

అక్షరవనం

బడిపిల్లలను ఇరవై సార్లయినా తీసుకువెళ్లిన ఉపాధ్యాయినిగా ఒక మాట. సగం ఇబ్బందులు మనం వెళ్లే తీరుతో వస్తాయి. ముప్పై ఆవరణలను రెండు గంటల్లో చుట్టేస్తే ఒక్కోదానికి నాలుగు నిమిషాలే మిగులుతాయి, నడిచే సమయం అందులోనే. సింహం రోజుకు పదహారు నుంచి ఇరవై గంటలు విశ్రాంతి తీసుకుంటుంది. మిట్టమధ్యాహ్నం వెళ్లి అది లేవలేదని గాజును తట్టడం మన తప్పే. తలుపులు తీయగానే వెళ్లి, నాలుగు జంతువులను ఎంచుకుని, ఒక్కోదాని దగ్గర అరగంట కూర్చోబెట్టి, చూసింది చూసినట్టు బొమ్మ గీయమంటాను. మీ అబ్బాయికి తాబేలు గుర్తుండిపోయింది అందుకే కావచ్చు, అది తినడం పూర్తయ్యేదాకా అతను నిలబడి ఉంటాడు.

విషయం కొంచెం పక్కదారి అయినా చెప్పడం అవసరం: మేకలను, గొర్రెలను తాకనిచ్చే చోట నుంచి బయటికి రాగానే పిల్లల చేతులను సబ్బుతో, నీళ్లతో కడిగించండి. ఈ.కోలై వంటి క్రిములు ఆరోగ్యంగా కనిపించే పశువుల నుంచి కూడా సోకుతాయి, అయిదేళ్లలోపు పిల్లలకు ప్రమాదం ఎక్కువ, శానిటైజర్ సబ్బుకు సాటి రాదు.

ముక్కుసూటి

నత్తల విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. చిన్న జూకు సాకు కూడా లేదన్నది తొందరపాటు. అయినా నిదానమే గారి వాదనలో ఒక బెజ్జం ఉంది. నత్తలను పెంచే గదికి టికెట్టు కొని ఎవరు వస్తారు? ఆ గది ఖర్చు చిరుత బోను ముందు నిలబడే జనం నుంచే రావాలి. అంటే మనం వెళ్లిన ప్రతిసారీ ఆ చిరుతను అక్కడే ఉంచమని చెప్పి వస్తున్నట్టే.

నిదానమే

ఆ బెజ్జం ఉంది, కాదనను. దానిని పూడ్చే దారి నాకు ఒక్కటే కనిపిస్తోంది: కప్పల దగ్గర, తాబేళ్ల దగ్గర ఎక్కువసేపు నిలబడి, వెళ్లేటప్పుడు వాటి కోసమే వచ్చామని రాతపూర్వకంగా చెప్పి రావడం. సలహాల పెట్టెలో కాగితాలు పడితే మా అధికారులు చదివేవారు. పడినవి చాలా తక్కువ, పడినవాటిలో సగం మరుగుదొడ్ల గురించి.

ఎర్రగన్నేరు

అందరికీ ధన్యవాదాలు. నిన్న అమ్మాయితో నిజం చెప్పాను: అది వ్యాయామం కాదని, దానికి ఆ చోటు చాలడం లేదేమోనని, నాకు అప్పుడు తెలియక అలా చెప్పానని. తను కాసేపు ఆలోచించి, తాబేలుకు చాలుతోందా అని అడిగింది. ఆ జూ కార్యాలయానికి నిదానమే గారి మూడు ప్రశ్నలనూ ఉత్తరంగా రాసి పంపాను. వచ్చే నెల మళ్లీ వెళ్దామని మావారు అంటున్నారు, జవాబు చూశాక నిర్ణయిద్దామని నేనంటున్నాను.

ముక్కుసూటి

జవాబు వస్తే ఇక్కడ పెట్టండి. రెండో ప్రశ్నకు ఏమంటారో తెలుసుకోవాలని నాకూ ఉంది.